అమ్మ కొంగు ముడి

అలిపిరిలో మెట్లు మొదలయ్యే చోట, నడిచి కొండెక్కే వాళ్లకు మా అమ్మ మజ్జిగ పోసేది. ఇంట్లో వంట ముగించి, మా నాయనకు క్యారియర్ కట్టి, మమ్మల్ని బడికి తోలి వెళ్లేది. జీతం లేదు, ఏమీ లేదు. మజ్జిగ పోసే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, గుంపులో తప్పిపోయిన వాళ్లను మాత్రం అందరూ అమ్మ దగ్గరికే తెచ్చేవాళ్లు. పిల్లలైనా ముసలివాళ్లైనా అమ్మ చేసే మొదటి పని ఒకటే. వాళ్ల బట్ట చెంగును తన కొంగుకు ముడేసేది. మజ్జిగ, పేరు, ఊరు అన్నీ ఆ తర్వాతే.

వెతుక్కుంటూ ఎవరొచ్చినా వెంటనే విప్పేది కాదు. తప్పిపోయిన మనిషినే అడిగేది: "వీళ్లు నీ వాళ్లేనా?" ఔనంటేనే విప్పేది.

"ఊరోళ్లనంతా కొంగుకు కట్టుకుంటావు. నన్ను గూడా కట్టుకోని పోరాదా, యాళకు కూడన్నా దొరుకుతాది" అని నాయన ఎత్తిపొడిచేవాడు. అమ్మ నవ్వి ఆయన కంచంలో ఇంకో సంగటి ముద్ద పెట్టేది.

బడి సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. ఒక మధ్యాహ్నం అమ్మ ఒక అవ్వను కొంగుకు ముడేసుకుని కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తి, ఎదురుగా ఎవరూ లేని చోటు చూస్తూ, "వీళ్లు నీ వాళ్లేనా అవ్వా?" అంది. అవ్వ కూడా అటే చూసింది. తల అడ్డంగా ఊపి అమ్మ చేతిని పట్టుకుంది.

"కాదంటా ఉండాది. పోండి" అంది అమ్మ కోపంగా.

పక్కన గ్లాసులు కడుగుతున్నావిడ "ఎవురితో మాట్లాడతా ఉండావక్కా?" అని అడిగితే అమ్మ ముడిని ఇంకాస్త బిగించింది. అవ్వ కొడుకు ఏడుస్తూ వచ్చేదాకా ఆ ముడి మీద చెయ్యి తీయలేదు. ఇంటికొచ్చే దారిలో నేనడిగితే, "కొందురు తొందరపడి వస్తారు పాపా. మనం ముడి ఇప్పకుంటే పోతారు" అంది. ఆ రోజు నుంచి అక్కడికి వెళ్లాలంటే నాకు భయం.

నాయన పోయాక కూడా అమ్మ ఆ పని మానలేదు. పోయిన ఏడు మంచం పట్టింది. నేను పక్కన కూర్చుంటే చాలు, వణికే వేళ్లతో నా చున్నీని తన కొంగుకు ముడేసేది.

"నేనేం తప్పిపోలేదు లేమ్మా, ఇది మన ఇల్లే" అని ఆటపట్టించాను ఒకసారి.

"నువ్వు కాదు, నేను" అంది.

అప్పుడప్పుడు గుమ్మం వైపు చూసి, "వచ్చినారు. మా వాళ్లు కాదు, పొమ్మను" అనేది. నేను ఖాళీ గుమ్మాన్ని చూసి "పోండి" అనేదాన్ని. అమ్మ తృప్తికి కాదు, నిజంగానే పోవాలని. ఆ ముడి ఉన్నంతకాలం అమ్మ ఉంటుందని నాకు పిచ్చి నమ్మకం. లేవాల్సి వచ్చినా ముడి విప్పకుండా, చున్నీని అక్కడే వదిలేసి లేచేదాన్ని.

ఒక ఉదయం, గుమ్మంలో పడుకునే మా కుక్క లేచి పక్కకు జరిగింది. కొత్తవాళ్లొస్తే అది అరిచి చంపుతుంది. ఇంటి మనిషికి మాత్రమే అట్లా దారిస్తుంది. తోక ఊపుతూ నిలబడింది. గుమ్మంలో ఎవరూ లేరు.

"ముడి ఇప్పు పాపా" అంది అమ్మ.

నేను ముడిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను. విప్పనని చెప్పాలనుంది. అమ్మ గుమ్మం వైపే చూస్తోంది. ఆ మొహంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది. నాకు ఏడుపొచ్చింది. అయినా అడగాల్సింది అడిగాను.

"వీళ్లు నీ వాళ్లేనా అమ్మా?"

"ఔను, మీ నాయన. ఎంతసేపు నిలబెడతావు ఆయన్ని? ఆకలికి తాళలేడు."

ముడి బిగుసుకుపోయి వేళ్లకు రాలేదు. పళ్లతో పట్టి విప్పాను.