వంతెన దిగుడులో ఆపిన ఇంజన్

మా మావయ్యగారు ముప్పై ఏళ్లు లారీ నడిపారు. ఓరోజు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, రాజమండ్రి నుంచి నిడదవోలుకు కొత్త కారు నడుపుతున్నాను. కొవ్వూరు వైపు వంతెన దిగుతున్నాం.

“దిగుడేగా అమ్మా! న్యూట్రల్ చేసి ఇంజన్ ఆపెయ్. పెట్రోలు దండగ.”

తప్పని తెలిసీ ఎదురు చెప్పలేక ఆపేశాను.

మలుపులో చెరకు ట్రాక్టరు నిలబడి ఉంది. ఇంజన్ ఆగి ఉండటంతో, రెండుసార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా బిగుసుకుపోయింది. సీట్లోంచి లేచి రెండు కాళ్లతో తొక్కిపట్టాను. చెరకు గడలకు జానెడు దూరంలో ఆగాం.

“గేరులోనే ఉంచి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలండి. దిగుడులో ఇంజనే పెట్రోలు ఆపుకుంటుంది. బ్రేకూ పనిచేస్తుంది,” అన్నాను.

“ముందే చెప్పొచ్చుగా అమ్మా,” అన్నారాయన, నుదుటి చెమట తుడుచుకుంటూ. “నేను వినేవాణ్ణే.”