అక్క ఇంటి కూర అక్క ఇంటికే

పక్కింటి అక్క పోయిందని నెల్లూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా తోటపల్లి గూడూరులో తుపాను వాన ఇంకా తెరిపివ్వలేదు. ఫోన్ పెట్టేసి, పొంగుతున్న పాలు దించి మూత పెట్టాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ సరిగా రాలేదు.

మా వీధిలో పెరళ్లన్నీ చవుడే. రొయ్యల గుంటలు వచ్చాక కరివేపాకు కూడా బతకడం లేదు. అక్క మాత్రం వంటింటికి ఆనించి, వెలుతురు దిగే ప్లాస్టిక్ రేకులతో ఒక గది కట్టించింది. లోపల తొట్లలో బయటి నుంచి తెప్పించిన మట్టి, మూలన వాన నీళ్ల డ్రమ్ము, మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు. ఎండే ఫ్యాను తిప్పేది, ఎండే నీళ్లు తోడేది. నెల్లూరు ఎండలు చాలవని ఈ గది కట్టిందని నవ్వుకున్నాం. రోహిణి కార్తెలో ఆ గదికి పచ్చ వల కప్పి, లోపల పెంచిన పాలకూర ఇంటింటికీ పంచాక నోళ్లు మూసుకున్నాం.

కరెంటు పోయిన మధ్యాహ్నాలు మొక్కలకు ఫ్యాను తిరుగుతుంటే, తను గడప మీద కూర్చుని విసనకర్రతో విసురుకునేది. ఇదేం చోద్యం అక్కా అంటే, "వాటికి నోరు లేదు గదమ్మే. నాకుండాది, అడుక్కుంటా" అనేది.

ఆకు మాత్రం ఎవర్నీ కోయనిచ్చేది కాదు. "నీకు కొయ్యడం రాదు, పీకతావు. ఆడనే నిలబడు, నేనిస్తా" అని, కత్తెరతో కోసి నా చెంగులో పోసేది.

ఖననం అయింది. అక్క వాళ్లు ముస్లింలు; వాళ్లలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, అన్నం ఇరుగుపొరుగే పంపాలి. మొదటి పూట నాది. అక్కను తెచ్చాక రోడ్డు మునిగి కూరల బండి రాలేదు. మా ఇంట్లో కందిపప్పు తప్ప ఏమీ లేదు. అంతమందికి పెట్టిన మనిషి ఇంటికి ఉత్త పప్పు ఎలా తీసుకెళ్లను? వీధి మొత్తంలో పచ్చగా ఉన్నది ఒక్క చోటే. వెళ్లాను. మేకుకు తగిలించి ఉన్న కత్తెర తీసి పాలకూర కోశాను. నిలబడమని ఎవరూ అనలేదు. పప్పులో వేసి వండి, అన్నంతో పాటు వాళ్లింటికి తీసుకెళ్లాను.

అక్క భర్త మొదటి ముద్ద మింగి ఆగాడు.

"బయట కూరలు దొరకలేదు భాయ్. అక్క గదిలోనే కోసినా" అన్నాను.

ఆయన తల ఊపి, మళ్లీ అన్నం కలుపుకున్నాడు. "వంకాయలు కూడా దిగినట్టుండాయి. రేపు అవి కూడా కొయ్యమ్మా. ముదిరిపోతే ఆమె ఊరుకోదు."

"అట్టాగే భాయ్" అన్నాను.

తలుపు అవతల, వాన నీళ్లు జారుతున్న రేకుల వెనక, వంకాయలు నల్లగా నిగనిగలాడుతున్నాయి.