ఏరివేత తట్టలోని ఐదు పురుగులు

పెనుకొండ రోషన్‌బీ కంటికి ఒకప్పుడు పేరుండేది. హిందూపురంలోని ఒక ప్రైవేటు పట్టుగుడ్ల కేంద్రంలో పదకొండేళ్లపాటు ఆమె చేసిన పని ఒక్కటే. గుడ్లు పెట్టిన తల్లి రెక్కపురుగును నూరి, ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి, ఆ గుడ్లలో రోగం ఉన్నదో లేదో తేల్చడం. రోషన్‌బీ చూసిన గుడ్లంటే రొళ్ల నుండి బత్తలపల్లి దాకా రైతులు మారు ప్రశ్న వేసేవారు కాదు. ఏడో తరగతితో చదువు ఆగిన మనిషికి అంతకు మించిన పట్టా లేదు.

1996లో రొళ్ల నుండి వచ్చిన ఒక విడతలో తట్టలకు తట్టలే చంపే పాలరోగాన్ని తట్టుకొని నిలిచిన పట్టుపురుగులను ఆమె గుర్తించింది. నాలుగేళ్లు తరం తర్వాత తరం ఏరి పెంచింది. 2000లో కేంద్రం శాస్త్రాధికారి గంగాధర్ ఆ పురుగుల నుండి రోగాన్ని అడ్డుకొనే కొత్త జన్యువును కనుగొన్నానని ప్రకటించి, ప్రపంచమంతా వెతుక్కొనే జన్యు సమాచార నిధిలో దానిని తన పేరిట నమోదు చేయించాడు. రోషన్‌బీ పేరు ఎక్కడా లేదు.

ఆమె వెళ్లి అడిగింది.

"నాలుగక్షరాలు రానిదానివి, పరిశోధనలో నీ పేరెందుకమ్మా?" అన్నాడు.

"ఏరింది నేను గదా సార్?"

"ఏరితే? చెత్త ఊడ్చేవాళ్లూ ఏరుతారు."

ఆమె యాజమాన్యానికి అర్జీ పెట్టింది. వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది: "దృష్టి లోపించినందున పరీక్షకు అనర్హురాలు." కింద గంగాధర్ సంతకం. ఏ వైద్యుడూ ఆమె కన్ను చూడలేదు, ఎవ్వరూ ఆమె మాట వినలేదు. ఫిర్యాదు ఎవరిమీదనో వాడే తీర్పు రాశాడు.

ఉద్యోగం పోవడం చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ ధర్మవరం బస్సులో తగిలింది. ఆమె పరీక్షించిన గుడ్లనే పదేళ్లు పెంచిన బత్తలపల్లి యల్లక్క, అందరూ వినేట్టుగా, "ఏం రోషన్‌బీ, కండ్లు పోయినాయంట గదా? బస్సు బోర్డు ఎవురు సదివి పెట్టిరి?" అన్నది. బస్సంతా నవ్వింది. రోషన్‌బీ తర్వాతి స్టాపులోనే దిగి, మిగిలిన దారి నడిచింది. తన కన్ను పోయిందని రాసిన చేతితోనే ఆ మాట తప్పని పదిమంది ముందు రాయించాలని ఆ నడకలోనే నిశ్చయించుకొంది. ఉత్తర్వును మడిచి, ఏ తట్టలో ఏ పురుగులున్నాయో కేంద్రంలో తాను రాసిపెట్టుకొన్న తట్టల పుస్తకంలో దాచింది.

ఐదేళ్లు గడిచాయి. చెల్లెలి కూతురు నస్రీన్ హిందూపురంలో బయోటెక్నాలజీ డిగ్రీలో చేరింది. 2005 వేసవిలో ఆమె రోషన్‌బీని ధర్మవరంలోని ఇంటర్నెట్ సెంటరుకు తీసుకువెళ్లింది.

"ఖాలా, గంగాధర్ జన్యువు ఇదో, ఈడుండాది."

"ఇదేం రాతే?"

"నాలుగే అక్షరాలు ఖాలా. ఏ ప్రాణికైనా ఇవే."

"నాకు రావన్న నాలుగక్షరాలు ఇయ్యేనా?" అని రోషన్‌బీ కుర్చీ ముందుకు జరుపుకొంది.

ఆ అక్షరాల వరుసను గడిలో అతికిస్తే, అప్పటివరకు నమోదైన జన్యువులన్నిటితో పోల్చి, దగ్గరి పోలికలను యంత్రం వరుసగా చూపుతుంది. పట్టుపురుగు జన్యువుల పూర్తి చిట్టా ముందటేడే వచ్చింది కనుక ఆ పేరే మొదట రావాలి. నస్రీన్ జాబితాను పైకీ కిందికీ జరిపింది.

"గంగాధర్ పెట్టిందొక్కటి తీసేస్తే పట్టుపురుగు యాడా లేదు ఖాలా. దాని కింద పదీ ఈగలే."

పరిశోధనకని గంగాధర్ పురుగులు పట్టుకుపోయిన రోజు రోషన్‌బీకి కళ్లకు కట్టింది. ఊజి ఈగ పట్టుపురుగు ఒంటిమీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల పురుగు లోపలికి దూరి పెరుగుతుంది. దూరినచోట నల్లమచ్చ మిగులుతుంది. అలాంటివాటిని ఏరి వేరే తట్టలో వేస్తారు. ఆ తట్టలోనుండి ఎవరేది తీసినా పుస్తకంలో సంతకం పెట్టాలన్నది కేంద్రంలో కట్టుబాటు. గూడు కట్టబోయే మంచి పురుగులను తాను ముట్టనివ్వలేదు. తొందరలో ఉన్న గంగాధర్ ఏరివేత తట్టలోనుండి ఐదు తీసుకొన్నాడు. "ఊజి తగిలినవి సార్" అంటే, "పురుగు పురుగే" అని సంతకం గీకిపోయాడు.

"ఈగపిల్లను నూరి పట్టుపురుగని ఊరేగించినాడే!"

"ఉత్తరం రాద్దామా ఖాలా? దిద్దుకుంటాడు."

"దిద్దుకోనీకి కాదే నేను ఐదేండ్లు కాసుకోనుండేది."

ఆగస్టులో హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో రైతుల సభ జరిగింది. గంగాధర్ జన్యువు పేరిట కొత్త గుడ్లను విడుదల చేస్తున్నారు. వేదిక దగ్గరికి రోషన్‌బీ ఒక మల్బరీ ఆకుమీద ఒకే పురుగును పెట్టుకొని వెళ్లింది.

"ఇది మంచిదా చెడ్డదా, మీరే చెప్పండి సార్. నాకు కండ్లు కనపడవు గదా."

కెమెరాలు ఎదురుగా ఉన్నాయి. గంగాధర్ ఆకువైపు ఒక్క చూపు విసిరి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

మూడో వరుసలోనుండి యల్లక్క లేచి వచ్చి తొంగిచూసింది. "అయ్యో సారూ! ఇంత నల్లమచ్చ పెట్టుకోని ఉంటే బ్రహ్మాండమా? ఊజి తగిలిన పురుగబ్బా ఇది! మా ఇంట్లో పసిపిల్ల గూడా ఏరి పారేస్తాది!"

నవ్వు తెరలు తెరలుగా లేచింది. అది తగ్గకముందే నస్రీన్ "ఈ జన్యువు పట్టుపురుగుది కాదు, ఈగది" అంటూ ముద్రించిన జాబితాను వేదికమీది యాజమాన్యం చేతికిచ్చింది. రోషన్‌బీ పుస్తకం తెరిచి, "ఏరివేత తట్ట, ఐదు పురుగులు" అని చదివి, పక్కనున్న సంతకం చూపింది. గుడ్ల కోసం వచ్చిన రైతులు ఖాళీ సంచులతో లేచారు.

గంగాధర్ గొంతు తగ్గించాడు. "పొరపాటైంది రోషన్‌బీ. మన్నించు."

"మన్నింపు నా దగ్గర లేదు సార్. రెండు ముక్కలు రాయండి. జన్యువు పట్టుపురుగుది కాదని ఒకటి. నా కంటికి లోపం లేదని ఒకటి."

అతడు మొదటిది రాయబోయాడు.

"రెండోది ముందు," అన్నది.

రాశాడు. యల్లక్క తల దించుకొని, "వచ్చే పంటకు నువ్వే చూసిపెట్టాలమ్మా" అన్నది. "నాకు బస్సు బోర్డు ఎవురు సదివి పెట్టిరో ఆమెనే అడుగు" అని రోషన్‌బీ ముందుకు సాగింది.

రెండు నెలలకు ధర్మవరంలో నస్రీన్ ఆ నమోదు సంఖ్యను మళ్లీ వెతికింది. సమర్పించినవారి కోరికపై తొలగించినట్టు ఒక వాక్యం మాత్రం వచ్చింది. రోషన్‌బీ దానిని ముద్రింపజేసి, రసీదు కోరుతూ రిజిస్టర్డ్ పోస్టులో గంగాధర్‌కు పంపింది. అందినట్టు అతడు సంతకం చేసిన కార్డు తిరిగి వచ్చింది. దానిని తట్టల పుస్తకంలో, ఐదు పురుగుల సంతకం పక్కన, అన్నంమెతుకులతో అతికించింది.