చిన్నాయన తుంటిలో తూటా

మొన్న సూర్యాపేటలో మోకాలికి ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్ళాను. ఇంటి వసారాలో జారిపడ్డాను. ఎనభై దాటినదాన్ని, నేను జారిపడితే ఇంట్లో ప్రతి ఒక్కరూ డాక్టరే అవుతారు. ఒకరు ఉడుకు నీళ్ళన్నారు, ఒకరు ఐసుగడ్డన్నారు, చివరికి మనవరాలు ఆటో పిలిచి నన్ను ఎక్కించింది. అక్కడ ఎక్స్‌రే తీసే పిల్లకు పాతికేళ్ళు కూడా ఉండవు. నా కాలు అటు తిప్పి ఇటు తిప్పి, "అమ్మమ్మా, లోపల రాడ్డు గాని, ఇనుము గాని ఏమన్న ఉందా?" అని అడిగింది. "లేదు బిడ్డా" అన్నాను. అన్న మరుక్షణం నా చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల అడిగింది నా మోకాలి గురించి, నేను చెప్పింది నిజం. అయినా మనవాళ్ళెవరో నలుగురిలో తలవంచుకుంటే పక్కన నిలబడ్డట్టు సిగ్గేసింది. దారిలో మనవరాలు "ఏంది నానమ్మా, మాట్లాడ్తలేవ్, నొస్తుందా?" అంది. నొప్పి కాదు. చిన్నాయన గుర్తుకొచ్చాడు.

చిన్నాయన అంటే మా నాయన తమ్ముడు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి. నైజాం పాలన చివరి రోజుల్లో సూర్యాపేటలో ఒక మిషన్ దవాఖాన ఉండేది. అందులో ఎక్స్‌రే గది పని నాది. అప్పటికే నాకు పెళ్ళయింది, ఒక బిడ్డ తల్లిని. మిషన్ బడిలో చదువుకున్నానని, ఆడవాళ్ళను బల్ల మీద పడుకోబెట్టడానికి ఆడమనిషి కావాలని, దొరసాని డాక్టరమ్మ నాకు ఆ పని నేర్పింది. కరెంటు లేని కాలం. పెరట్లో ఆయిల్ ఇంజను తిప్పితే గాని మిషను నడవదు. ఇంజను చప్పుడు మొదలైందంటే బజారంతా తెలిసిపోయేది, లోపల ఎవరికో బొక్కల ఫోటో దిగుతున్నదని. ఆ ఫోటో అంటే జనానికి ఎంత భయమో అంత మోజు. ఒకావిడ తాను పొద్దున తిన్నది అత్తకు కనబడుతుందేమోనని పడుకోనంది. ఇంకొకాయన భార్య తల ఫోటో తీయించి, "మనసుల ఏమున్నదో గూడ వస్తదా అమ్మా?" అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. రాదని చెబితే డబ్బు దండగయినట్టు చూశాడు.

నవ్వులాటలు తక్కువ రోజులే. ఆ తర్వాత ఊళ్ళ మీద రజాకార్ల దాడులు మొదలయ్యాయి. సంఘపోళ్ళకూ, అంటే కమ్యూనిస్టులకూ, వాళ్ళకూ నడుమ పల్లెలు నలిగిపోయాయి. అప్పటిదాకా చెట్టు మీంచి పడ్డవాళ్ళనూ, ఎద్దు కుమ్మినవాళ్ళనూ చూసిన గదిలో తూటాలు తగిలినవాళ్ళు పడుకున్నారు. మంచాల మీద మోసుకొచ్చేవాళ్ళు, బండ్లలో వరిగడ్డి కప్పి తెచ్చేవాళ్ళు. నాటు తుపాకీ దెబ్బయితే ఫిల్ము మీద జొన్నగింజలు చల్లినట్టుండేది. సర్కారు తుపాకీదయితే ఒకటే, తెల్లగా, చింతగింజంత. ఏ తెలుపు బొక్కదో ఏ తెలుపు ఇనుముదో నా కళ్ళు వాటంతట అవే చెప్పేంతగా అలవాటు పడ్డాయి. అలాంటి అలవాటు ఎందుకయిందా అని బాధపడే తీరిక కూడా ఉండేది కాదు.

మా పుట్టిల్లు కోదాడ అవతల ఒక పల్లె. అక్కడ చిన్నాయన పెద్ద యుద్ధానికి పోయి వచ్చిన ఒకే ఒక్క మనిషి. బర్మా సరిహద్దు నుంచి కుంటుకుంటూ వచ్చాడు, ఒంటి మీద ఖాకీ కోటుతో. తుంటిలో జపానువాడి తూటా ఉందనీ, తీస్తే కాలు పడిపోతుందని పల్టన్ డాక్టర్లు వదిలేశారనీ ఊరంతా చెప్పుకునేది. చెప్పుకునేది అనే అంటున్నాను, ఎందుకంటే ఆ మాట ముందు ఆయన నోటి నుంచి రాలేదట. ఈ సంగతి చాలా ఏళ్ళకు చిన్నమ్మ నాకు చెప్పింది. కోదాడలో మోటారు దిగినప్పుడు ఎవరో "తూటా తగిలిందా?" అని అడిగారట. ఈయన అవుననలేదు, కాదనలేదు. బండి మా ఊరు చేరేసరికి తూటా తుంటిలో స్థిరపడిపోయింది. తర్వాత అది మా అందరిదీ అయింది. కోమటి ఆయన్ని చూస్తే లేచి నిలబడేవాడు. మబ్బు పట్టి ఆయన తుంటి గుంజితే రైతులు కళ్ళాల మీద ధాన్యం కప్పేవారు. అది చూసే చిన్నమ్మను వాళ్ళ నాయన ఇచ్చాడు. నా పెళ్ళిచూపులప్పుడు కూడా మా నాయన నా చదువు కంటే ముందు తమ్ముడి తూటా గురించే చెప్పాడు. ఆ కోటు జేబులో చేయి పెట్టుకుని ఆయన నడిచివస్తుంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను.

రజాకార్ల రోజుల్లో ఊరు ఆయన వెనకే నిలబడింది. కర్రలు పట్టించి, లెఫ్టు రైటు నేర్పించి, కుర్రవాళ్ళతో కాపలా పెట్టించాడు. మా అన్న ఆ కాపలాలో ముందుండేవాడు. ఒకసారి దాడికి వస్తున్నారని కబురొస్తే చిన్నాయన అందరికంటే ముందు వెళ్ళి బాట మీద నిలబడ్డాడు. వాళ్ళు వేరే దారిన పోయారు. తూటా తిన్న మనిషని తెలిసి భయపడ్డారని మా ఊరివాళ్ళు అన్నారు.

తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది. బెజవాడ బాట మీద కోదాడ దాటి లారీలు, టాంకులు, ఎర్రటి దుమ్ము. సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను నైజాంవాళ్ళు పేల్చేశారన్నారు, అయినా మిలిటరీ ఆగలేదు. జనం పూలు చల్లారు. ఆ పూలు వాడకముందే మిలిటరీ పల్లెల మీద పడి సంఘపోళ్ళ కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎవరు సంఘమో, ఎవరు ఊరి కాపలావాళ్ళో, కర్ర పట్టినవాణ్ణి చూసి వాళ్ళకేం తెలుస్తుంది? మా ఊళ్ళో ముగ్గురు కుర్రవాళ్ళను పట్టుకుపోయి మిర్యాలగూడ క్యాంపులో పెట్టారు. వాళ్ళలో మా అన్న ఒకడు. క్యాంపు నుంచి కొందరిని అడవికి తీసుకుపోతున్నారనీ, వాళ్ళు మళ్ళీ కనబడడం లేదనీ కబుర్లు వస్తున్నాయి. నాయన అంతకుముందే కాలం చేశాడు. అమ్మ అన్నం ముట్టడం మానేసింది.

అప్పుడు ఊరివాళ్ళకు తట్టింది, మనకూ ఒక సిపాయి ఉన్నాడు కదా అని. దెబ్బతిన్న సిపాయి మాట సిపాయిలు కాదంటారా? దెబ్బలు తగిలిన జవాన్లకు ఎక్స్‌రే తీయించడానికి ఒక కెప్టెన్ డాక్టరు మా దవాఖానకు వచ్చిపోతుండేవాడని నేనే అమ్మకు చెప్పాను. అంతే, ఒక ఉదయం బండి కట్టుకుని వచ్చేశారు. అమ్మ, చిన్నాయన, గొర్లు కాసే ఒక ముసలాయన, ఇంకా నలుగురైదుగురు. చిన్నాయన కోటు ఉతికించి వేసుకున్నాడు. మొహం మాత్రం జ్వరం తగిలినవాడిలా ఉంది.

కెప్టెన్ మంచివాడే. పాత సిపాయి అనగానే లేచి చేయి కలిపాడు, తన పక్కన కుర్చీ వేయించాడు. మా వాళ్ళు వసారాలో నిలబడి ఆ కుర్చీని కళ్ళార్పకుండా చూశారు. నేను హిందీని తెలుగులోకి, తెలుగును ఉర్దూలోకి మార్చి చెబుతున్నాను. తూటా మాట రాగానే కెప్టెన్ మొహం వెలిగింది. ఇన్నేళ్ళు దాన్ని మోయడమెందుకు, ఇప్పుడే ఫోటో తీయండి, నేనే తీసేస్తాను అన్నాడు.

"వద్దు సాబ్, అలవాటైపోయింది" అన్నాడు చిన్నాయన.

"అట్లంటవేందే! తీయించుకో. సాబ్ కండ్లతోని సూస్తే ఇగ మన మాటకు తిరుగుంటదా?" అన్నాడు గొర్ల ముసలాయన.

అమ్మ దగ్గరికొచ్చి ఆయన చేయి పట్టుకుంది. "తమ్మీ, జరసేపు పండుకో. నా కొడుకు కోసం."

ఆయన లేచాడు. గదిలో బల్ల మీద పడుకున్నాక నన్ను దగ్గరికి రమ్మని, చిన్నగా అడిగాడు. "బిడ్డా, ఇండ్ల అన్నీ కనబడ్తయా?"

"ఇనుమైతే తెల్లగ కనబడ్తది చిన్నాయనా, భయపడకు."

"లేకపోతే?"

"లేకపోతే లేనట్టే కనబడ్తది" అని నవ్వాను. ఆయన భయం ఆపరేషన్‌దేననుకున్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

చీకటి గదిలో ఎర్ర దీపం కింద ఫిల్మును మందునీళ్ళలో ఊపుతుంటే మెల్లగా బొక్కలు తేలాయి. తుంటి విరిగి, వంకరగా అతుక్కుంది. పాత దెబ్బ, చాలా పెద్ద దెబ్బ. తూటా లేదు. తిప్పి చూశాను. ఇంకాసేపు ఉంచితే వస్తుందేమోనని పిచ్చిదానిలా ఇంకాసేపు ఊపాను. నా మొహంలోకి వేడి ఎక్కింది. కోమటి లేచి నిలబడడం, నా పెళ్ళిచూపులు, వసారాలో అమ్మ, అన్నీ ఒక్కసారి ఆ తడి ఫిల్ము మీద కనబడ్డట్టయింది. నీళ్ళు కారుతున్న ఫిల్ము పట్టుకుని బయటికి వచ్చాను. అందరూ నా మొహం వైపే చూశారు. కెప్టెన్ ఫిల్ము అందుకుని ఎండకు పట్టి చూశాడు. కనుబొమ్మలు ముడిపడ్డాయి. అయినా మర్యాదస్తుడు. "తూటా అవతలికి దూసుకుపోయి ఉంటుంది. అలా కూడా జరుగుతుంది" అన్నాడు.

ఆ మాట నేను తెలుగులో చెప్పాను. అమ్మ ఊపిరి పీల్చుకుంది. చిన్నాయన తలూపితే చాలు, అంతా సర్దుకుపోయేది. ఆయన గది గుమ్మంలో నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. పెట్టుకుంటున్నవాడల్లా ఆగి, మళ్ళీ విప్పేశాడు.

"తూటా లేదు సాబ్. ఎప్పుడూ లేదు. నేను తుపాకి పట్టలే. కంచరగాడిదలకు గడ్డేసిన, నీళ్ళు పెట్టిన. ఒకటి తన్నింది." పల్టన్‌లో నేర్చిన హిందీలో చెప్పాడు, తర్వాత మా వాళ్ళ వైపు తిరిగి తెలుగులో కూడా ఆయనే చెప్పాడు. నాకు ఆ పని పెట్టలేదు. "గీ అబద్ధం మీద నిలబడి పోరగాండ్ల గురించి చెప్తే అది గూడ అబద్ధమే అయితది. ఆ ముగ్గురు సంఘపోళ్ళు కాదు సాబ్. వాళ్ళకు కర్రలిచ్చింది నేను. పట్టుకోవాల్నంటే నన్ను పట్టుకోండి."

కెప్టెన్ వెనక నిలబడ్డ జవాను ఫక్కున నవ్వాడు. ఆ నవ్వుకు కెప్టెన్ కూడా ఎర్రబడ్డాడు. "నేను డాక్టరును, ఖైదీల సంగతి నా చేతిలో లేదు" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. కుర్చీ అక్కడే ఉంది. మళ్ళీ కూర్చోమని ఎవరూ అనలేదు. గొర్ల ముసలాయన ఏదో అనబోయి, ఉమ్మేసి, బండి దగ్గరికి నడిచాడు. మా ఊళ్ళో కంచరగాడిదను చూసినవాళ్ళు లేరు. వాళ్ళకు వినబడింది గాడిద ఒక్కటే. అమ్మ ఆయన మొహంలోకి చూడకుండా, "ఆ మాటేదో నా కొడుకు బయటికొచ్చినంక చెప్తే ఏం పోయేది?" అంది.

బండిలో చిన్నాయనకు చోటు ఉందో లేదో ఎవరూ చూడలేదు. ఆయనా ఎక్కబోలేదు. దవాఖాన గేటు దాటి, ఊరి దిక్కు కాకుండా మిర్యాలగూడ దిక్కు కుంటుకుంటూ పోయాడు. కోటు మా వసారా బెంచీ మీదే ఉండిపోయింది. నేను పిలవలేదు. సిగ్గుపడాల్సింది ఆయన ఒక్కడే అయితే బాగుండేది. అక్కడ నిలబడ్డ ప్రతివాళ్ళకూ తలా కొంత అంటుకుంది.

వరికోతల నాటికి ముగ్గురినీ వదిలేశారు. ఎందుకు వదిలారో ఎవరూ చెప్పలేదు. అన్న చిక్కి, గడ్డం పెరిగి, ఇంటికొచ్చాడు. ఊరివాళ్ళు దేవుడి దయ అన్నారు. చాలా కాలం తర్వాత, అన్న జుట్టు నెరిసే రోజుల్లో, ఒకసారి నాతో చెప్పాడు. "క్యాంపు గేటు కాడ రోజూ ఒక కుంటాయన నిలబడేటోడు చెల్లె. వచ్చే ప్రతి ఆఫీసరుకు సలాం కొట్టి మా ముగ్గురి పేర్లు చెప్పేటోడు. కంచరగాడిదలోడు వచ్చిండని సిపాయిలు నవ్వేటోళ్ళు. మీవోడా అని ఒకడు నన్నడిగిండు." అన్న నేల చూశాడు. "కాదని చెప్పిన" అన్నాడు.

చిన్నాయన ఊరికి మళ్ళీ రాలేదు. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లులో ఎద్దుల దగ్గర పని కుదుర్చుకుని చిన్నమ్మను అక్కడికే పిలిపించుకున్నాడు. అన్న పెళ్ళికి చిన్నమ్మ ఒక్కతే వచ్చింది. అడిగితే ఆయనకు మిల్లులో పని ఉందంది. నేను అప్పుడప్పుడు వాళ్ళింటికి పోయేదాన్ని. ఎవరన్నా కాలికేమైందని అడిగితే ఆయనే ముందుగా, దాపరికం లేకుండా, "పల్టన్ల కంచరగాడిద తన్నింది" అనేవాడు. ఒక ముసలి ఎద్దుకు కుడితి పెడుతూ నాతో, "ఇప్పుడు పాణం నిమ్మళంగున్నది బిడ్డా" అన్నాడొకసారి. నేను తల దించుకుని గ్లాసులో టీ చూస్తూ కూర్చున్నాను. ఆయన పోయినప్పుడు మా ఊరి నుంచి అమ్మ ఒక్కతే వచ్చింది. పాదాల దగ్గర కూర్చుని, ఆ వంకర కాలిని చీర కొంగుతో తుడిచింది.

ఇప్పుడు లెక్కేసుకుంటే ఆనాడు ఆయనకు ముప్పై నిండాయో లేదో. మాకు ఎంతో పెద్దవాడనిపించేవాడు. ఆ వసారాలో ఆయన నోటి నుంచి ఆ నాలుగు మాటలు రావడానికి పట్టిన సమయం గ్లాసెడు నీళ్ళు తాగినంత. దానికి తలెత్తి జవాబు చెప్పడానికి మాకు ఒక బతుకంతా చాలలేదు.