జానెడు కిటికీ

బ్రూక్షాబాద్‌లో మా వీధి చివర ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. అతని ఇంట్లో తాళంచెవులు తగిలించడానికి గోడకు పెట్టిన జానెడు బుల్లి కిటికీ ఒకటి ఉండేది. పడౌక్ కర్ర, ఇత్తడి మడతబందులు, వేలిగోరంత గడియ. ఆ మహానుభావుడు దానికి నాలుగు కొక్కేలు కొట్టించి, బంగారు రంగు పూయించి, రెక్కలు కదలకుండా జిగురుతో అతికించాడు. డబ్బుకు కళ్లుండవని ఊరికే అనలేదు.

అలాంటి నమూనాల కోసమే నేను ఏళ్ల తరబడి తిరుగుతున్నాను. ఒకప్పుడు సరుకులకు ఆర్డర్లు పట్టే ఏజెంట్లు ఓడెక్కి మా దీవుల ఉత్తరం కొసన ఉన్న డిగ్లీపూర్ దాకా వెళ్లేవారు. నిజం కిటికీని మోసుకెళ్లలేరు కనుక, ఇల్లు కట్టుకునేవాళ్ల ముందు ఈ బుల్లి కిటికీని తెరిచి మూసి చూపేవారు. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు, లైబ్రరీలో కూర్చుని చదువుకున్నాను. నా దగ్గర అరచేతిలో పట్టే కిరసనాయిలు స్టవ్వు, చిన్న ట్రంకుపెట్టె ఉన్నాయి. కిటికీ లేదు.

ఒక ఆదివారం అతనే పిలిచాడు.

"భయ్యా, పుస్తకాలోడివి గదా, సూసి సెప్పు. ఇది పిల్లల బొమ్మా, పాతకాలం సరుకా? బొమ్మయితే నువ్వే పట్టుకుపో. కొత్త కీ హోల్డర్ తెచ్చాను. ప్లాస్టిక్‌ది, ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్."

'బొమ్మే' అంటే చాలు, కిటికీ నాది. ఎందుకైనా మంచిదని సంచి కూడా తెచ్చుకున్నాను.

ఇంతలో అతను దాన్ని వెనక్కి తిప్పాడు. "మా బావమరిది దేవుడి మందసం అన్నాడు. ఆడు బీఏ."

మందసమట! నాకు ఒళ్లు మండింది.

"మందసానికి గడియ లోపలివైపు ఉంటుందా? దేవుడు లోపల్నించి గడియ వేసుకుంటాడా?" అన్నాను.

అక్కడితో ఆగలేదు. బొమ్మలు చేసేవాడు రెక్కలు గీసి ఊరుకుంటాడని, నమూనా చేసేవాడు ప్రతి బందూ పనిచేసేలా బిగిస్తాడని చెప్పాను. బ్లేడు అడిగి జిగురు కోశాను. రెక్కలు చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి.

అతను నా చేతిలోంచి కిటికీ లాక్కున్నాడు.

"అరే బాప్ రే! ఇంత కథుందేటి? ఏమే, ఆ ప్లాస్టిక్‌ది తగిలించీ. దీనికి గాజుపెట్టె సేయించి హాల్లో పెడదాం."

ఖాళీ సంచితో ఇంటికొచ్చాను. ఇప్పుడు అతను వచ్చినవాళ్లందరికీ నా మాటలే చెబుతున్నాడు, అవీ సగం తప్పుగా. మొన్న వీధిలో ఆపి, "భయ్యా, ఆ గడియ సంగతి ఇంకోసారి సెప్పు" అన్నాడు.

సిగ్గులేకుండా మళ్లీ మొదటినుంచీ చెప్పాను.