ఉద్ది దొరకని పిల్ల

శనివారం ఉదయం ఎనిమిదింపావుకు అల్వాల్‌లో షామీర్‌పేట వైపు వెళ్లే బస్సెక్కాను. లాల్‌గడి మలక్‌పేట్‌లో నాలుగో తరగతి చదువుతున్న నా మనవరాలు శ్రీజ వారం నుంచి బడికి పోనని ఏడుస్తోంది. కొడుకూ కోడలూ షిఫ్టుల్లో ఉన్నారు. ఆ బడిలో శనివారాలు పాఠాలు ఆపి ఆటలాడిస్తున్నారని విని, అదే కారణమని తేల్చుకుని, అడగడానికి బయల్దేరాను.

బస్సులో ఒకావిడ జరిగి చోటిచ్చింది. వద్దన్నాను.

"నిలవడితే బస్సు జల్దీ పోతదా ఏంది పెద్దాయనా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నిలబడే ఉన్నాను.

తొమ్మిదికి షామీర్‌పేటలో దిగి, టీ తాగి, షేర్ ఆటో ఎక్కాను. దారి పొడవునా ప్లాట్ల హద్దురాళ్లే. "భూములు చూస్తున్నరా సార్?" అన్నాడు డ్రైవరు.

"చూసేదేముంది? ఇవన్నీ ఒకప్పుడు మావే."

"ఆటో ఎక్కినోళ్లంత గదే అంటరు సార్."

బడికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. పిల్లలు కబడ్డీకి ఉద్దులు, అంటే జతలు, కడుతున్నారు. సమానమైన ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని పక్కకు పోయి, ఒకరు మామిడి, ఒకరు జామ అని గుట్టుగా పేర్లు పెట్టుకుంటారు. నాయకుడు ఏ పేరు కోరుకుంటే ఆ పిల్ల అతని జట్టులోకి, రెండోది అవతలి జట్టులోకి. ఉద్ది లేనివాళ్లకు ఆట లేదు. శ్రీజ గోడ పక్కన ఒంటరిగా నిలబడి ఉంది.

"ఎవరూ రానివ్వడం లేదా?" అని టీచరు సునీతను అడిగాను.

"మొదట్ల పిలిచిన్రు సార్. 'మాది పటేల్ల ఇల్లు, మీరే నా తానకు రావాలె' అన్నదంట. గప్పటి సంది ఎవ్వరు పిలుస్తలేరు. నేను చెప్పి జత కలపొచ్చు. కని అడుగుడు, అవతలోళ్లు ఆగుమంటే ఆగుడు, ఓడినా ఆటల ఉండుడు, గివి నేర్వాలనే సార్ గీ ఆటలు."

శ్రీజను పిలిచాను. "నువ్వెందుకు అడగవు?"

"మనం ఎవర్నీ ఏదీ అడగొద్దని నువ్వే చెప్పినవ్ కద తాతా."

చెప్పాను. ఎన్నోసార్లు చెప్పాను. ఇప్పుడు మాటలతో సర్దిచెబితే ఆ పిల్ల నమ్మదు. గేటు దగ్గర వాచ్‌మన్ మల్లయ్య ఉన్నాడు. వాళ్ల నాయిన మా పొలాల్లో పనిచేసినవాడు. దగ్గరికి వెళ్లి, పిల్లలందరికీ వినబడేలా అడిగాను.

"మల్లయ్యా, నాకు ఉద్దిగ వస్తవా?"

"పరేషాన్ చేయకున్రి పటేలా! మీ బుజం మీద నేను చెయ్యేసుడా?"

"ముందు నేనే వేస్త."

వేశాను. అతని చేయి నా భుజం మీదికి రావడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరం నాయకుల ముందుకు వెళ్లాం. "మామిడి కావాల్నా, జామ కావాల్నా?" అని అడిగాం. ఒక జట్టు నాయకురాలు మామిడి కోరుకుంది. మామిడి మల్లయ్య. మిగిలిపోయిన నేను రెండో జట్టుకు పోయాను. పిల్లలు పగలబడి నవ్వారు.

ఆ నవ్వుల్లోనే శ్రీజ గోడ వదిలింది. స్వప్న అనే పిల్లకు జత ఆ రోజు బడికి రాలేదు. శ్రీజ ఆమె దగ్గరికి పోయి ఏదో అంది.

"ఆగు, ఆలోచిస్త," అంది స్వప్న, నడుం మీద చేతులు పెట్టుకుని. శ్రీజ తల వంచుకుని ఆగింది. చివరికి స్వప్న చేయి చాపింది.

శ్రీజ మొదటి కూతకే అవుటైంది. గీత బయట కూర్చుని, చివరిదాకా తన జట్టు కోసం అరిచింది.

పన్నెండున్నరకు తిరుగు ఆటో, ఒంటిగంటకు షామీర్‌పేటలో బస్సు దొరికాయి. చేయాలనుకున్న ఫిర్యాదు చేయలేదు. భూములు పోయాక మనవరాలికి ఇవ్వడానికి నా దగ్గర ఏం మిగిలిందని చాలాసార్లు బాధపడ్డాను. మిగిలింది ఎవర్నీ ఏదీ అడగని పటేలు పొగరొకటే, అది ఆమెకు ఎప్పుడో ఇచ్చేశాను కూడా. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఈ ప్రయాణం పనికొచ్చింది.