ఖర్చు తగ్గించమని అడిగితే

మాది శంషాబాద్ పక్కన తొండుపల్లి. మా ఆయన ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతారు. కిందటేడు అత్తమ్మ బీపీ మందుల ఖర్చు మోయలేక, నేనూ మా ఆయనా ఆమెను ఎప్పుడూ చూపించే క్లినిక్‌కు తీసుకెళ్లాం. ఆమె వాడేవన్నీ డాక్టరు ముందు పెట్టాను.

"సార్, వీటిల్ల ఏమన్న తగ్గించొచ్చా? ఖర్చుకు పరేషాన్ అయితున్నం" అని అక్కడున్న పేషెంట్లందరూ వింటుండగానే అడిగాను. మా ఆయన సిగ్గుతో తల దించుకున్నారు.

మందులు చూస్తున్న డాక్టరు ముఖం మారిపోయింది. "ఈ రెండూ ఒకటే మందమ్మా, పేర్లే వేరు. రెండూ వేసుకుంటున్నరా?"

"అవ్ సారూ. గిది మీరిచ్చిండ్రు, గది పెద్ద దవాఖానల ఇచ్చిండ్రు" అంది అత్తమ్మ.

ఆమధ్య ఆమె పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడబోయింది, డోసు రెట్టింపై బీపీ మరీ పడిపోయినందుకేనన్నమాట!

డాక్టరు ఒకటి ఆపేసి, మిగతావాటికి చవకగా దొరికే జనరిక్ మందులు రాశారు. ఖర్చు తగ్గింది, అత్తమ్మ తేరుకుంది.

ఖర్చు గురించి డాక్టరును అడగడం నామోషీ కాదని ఇప్పుడు అందరికీ ధైర్యంగా చెబుతున్నాను.